కొబ్బరికాయకు వేగ పరిమితి

మీ ఆఫీసు ఏం చేస్తుందని బంధువులు అడిగినప్పుడల్లా నేను మంచినీళ్లు తెమ్మని మా ఆవిడని కేకేస్తాను. సర్వీసు చాలావరకు అందులోనే గడిచిపోయినా ఆ ప్రశ్నకి జవాబు నాకింకా దొరకలేదు. గోదావరి పాయ ఒడ్డున రెండంతస్తుల మేడ, మేడ ముందు ఒక్కటంటే ఒక్కటే కొబ్బరిచెట్టు, చెట్టుకి ఇవతల గేటు, గేటు దగ్గర చిట్టెయ్య. లోపల మాకు ఉత్తరాలు వస్తాయి. వాటికి జవాబులు రాస్తాం. ఆ జవాబులకి జవాబులు వస్తే వాటికీ రాస్తాం. ఈ రాతపనంతా నాది. నా పేరు చక్రపాణి, హోదా సీనియర్ అసిస్టెంటు. ఆఫీసు గ్రాంథికంలో ఒకసారి కలం పెట్టానంటే నన్ను ఆపడం కష్టం.

ఏడాదికోసారి మా ఆఫీసుకి ఏదో ఒక ఉత్సాహం పట్టుకుంటుంది. పోయినేడాది "చిరునవ్వుతో సేవ" పట్టుకుంది. పళ్లు బాగాలేనివాళ్లకి మినహాయింపు ఇవ్వడానికి దంతవైద్యుడి సర్టిఫికెట్ అడిగాం. ఈ ఏడాది "భద్రత" వంతు వచ్చింది. మా డిప్యూటీ డైరెక్టరు గజేంద్రరావు గారు, అంటే మా డీడీ గారు, కొండ మీద ఏదో హోటల్లో జరిగిన భద్రతా శిక్షణకి వెళ్లి, మెడలో బ్యాడ్జీతో, కళ్లలో కొత్త వెలుగుతో తిరిగొచ్చారు. రాగానే నా చేత ఉత్తర్వు రాయించారు.

"ఈ ఆవరణయందు చలించు ఏ వస్తువైనను గంటకు పదిహేను కిలోమీటర్ల వేగమును మించరాదు. ఇట్టి నియమము అమలుకు గేటు కాపలాదారు సంపూర్ణ బాధ్యత వహించవలెను."

ముసాయిదాలో నేను "వాహనము" అనే రాశాను. డీడీ గారు దాన్ని ఎర్ర సిరాతో కొట్టేసి "వస్తువు" అని దిద్దారు.

"వాహనం అంటే సైకిలు తొక్కుకుంటూ వచ్చేవాడు నాది సైకిలండీ అంటాడు. గేదెని తోలుకొచ్చేవాడు అసలే దొరకడు. వస్తువు అన్నామనుకో, ఎవడూ తప్పించుకోలేడు. దృక్పథం విశాలంగా ఉండాలయ్యా చక్రపాణీ!"

పరిశీలక బృందం తనిఖీకి వచ్చిన రోజున వేగ పరిమితిని ఒక్కసారి కూడా మీరని కార్యాలయానికి రాష్ట్రస్థాయిలో ఒక ఇత్తడి ఫలకం ఇస్తారట. దాన్ని తగిలించడానికి డీడీ గారు తన కుర్చీ వెనకాల గోడకి అప్పుడే మేకు కొట్టించేశారు.

చిట్టెయ్య సంగతి కూడా చెప్పాలి. అతను మా గేటుకి ఎప్పట్నుంచో టెంపరరీ కాపలాదారు. అతన్ని పర్మనెంటు చేసే ఫైలు ఎన్నో బల్లలు తిరిగి, కొన్ని బల్లల కింద కూడా పడుకుని, చివరికి డీడీ గారి దగ్గరికి చేరింది. ఒక్క సంతకం మిగిలింది. అది పడితే రేపు ఒంట్లో ఓపిక తగ్గినా ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. పడకపోతే గేటు వదిలిన రోజే అతని బతుకు రోడ్డు మీద. సర్వీసులో మచ్చ ఉండకూడదన్నది ఒక్కటే షరతు. చిట్టెయ్యకి మచ్చ ఏముంటుంది? గేటు తియ్యడం, గేటు వెయ్యడం తప్ప అతను ఇంకేం చేసి ఎరగడు.

ఒకరోజు పొద్దున్న డీడీ గారు చెట్టు కింద కారు దిగి మెట్లెక్కుతున్నారు. వెనకాల ధడేలుమంది. తిరిగి చూస్తే బానెట్టు నడిమధ్యన సొట్ట. సొట్టలో కొబ్బరికాయ, గూట్లో గుడ్డులా కుదురుగా కూర్చుని ఉంది.

డీడీ గారు మామూలు మనిషైతే అయ్యో అనేవారు. ఆయన శిక్షణ పొందిన మనిషి కాబట్టి డ్రైవరుని విచారించారు.

"సంఘటన సమయంలో మన కారు వేగం ఎంత?"

"ఆపేసిన కారండీ, వేగమేముంటుంది?"

"అంటే సున్నా. కారు నిబంధనకి లోబడే ఉంది. మరి చలించిన వస్తువేది?"

అందరం కొబ్బరికాయ వంక చూశాం.

ఆ మధ్యాహ్నమే చిట్టెయ్యకి మెమో అందింది. అతను దాన్ని రెండు చేతుల్తో పట్టుకుని నా బల్ల దగ్గరికొచ్చాడు.

"ఇదేటండీ బాబూ ఇదీ? అది గేటులోంచి రాలేదు కదండీ. గేటులోంచి వస్తే ఆపేవోణ్ణి. పైనుంచి వస్తే నేనేం సేస్తానండి? ఫైలు మీద సంతకం పడే ముందు ఇదేం కర్మండీ నాకు?"

నాకు చాలా బాధేసింది. బాధేసినప్పుడు నా గ్రాంథికం ఇంకా చిక్కబడుతుంది. అతని మాటనే సంజాయిషీగా మార్చి రాసిచ్చాను. "సదరు కొబ్బరికాయ గేటు ద్వారా ప్రవేశించనందున, దాని వేగమును నియంత్రించు అవకాశము ఈ క్రింద సంతకము చేసినవానికి ఎంతమాత్రమును లేకుండెను." ఇంతకన్నా న్యాయమైన వాక్యం ఆ ఆఫీసులో అంతకుముందు ఎవరూ రాయలేదని ఇప్పటికీ అంటాను. డీడీ గారు దాని కింద "సంజాయిషీ సంతృప్తికరముగా లేదు" అని రాసి, కాయ వేగం ఎంతో తేల్చడానికి కమిటీ వేశారు. వేగం పదిహేను దాటిందని తేలితే చిట్టెయ్యకి మచ్చ పడినట్టే.

చిట్టెయ్యని కాపాడాలని నాకొక ఆలోచన వచ్చింది. అదే కొంప ముంచింది. రోడ్డుకి అవతల జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పే హైమవతి గారిని పిలిస్తే, పై నుంచి పడేదాన్ని మనిషి ఆపలేడని శాస్త్రప్రకారం చెప్తారు, కమిటీ నోరు మూతపడుతుంది అనుకున్నాను. ఆవిడ జేబులో సుద్దముక్కతో వచ్చారు. కమిటీలో డీడీ గారు, అకౌంట్సు ఆఫీసరు పేర్రాజు గారు, ఇంజనీరు సోమసుందరం గారు ఉన్నారు. టీ ఇచ్చారు. ఆవిడ బోర్డు మీద చెట్టు గీశారు.

"కాయ పైన ఉన్నప్పుడు దానికి ఎత్తు వల్ల శక్తి ఉంటుంది. పడుతున్నకొద్దీ ఎత్తు తగ్గుతుంది, వేగం పెరుగుతుంది. ఆ శక్తి ఎక్కడికీ పోదు సార్, ఎత్తులోంచి వేగంలోకి మారుతుందంతే. పైన ఎంతుందో కింద అంతే ఉంటుంది. కాబట్టి రెండూ సమానమని రాసుకుంటే వేగం దానంతటదే తేలుతుంది. ఇదిగో, ఇటువైపూ కాయ బరువుంది, అటువైపూ ఉంది, రెంటినీ కొట్టేస్తున్నాను..."

"ఆగండి!" అన్నారు పేర్రాజు గారు. టీ కప్పు సాసరు మీద దభీమని పెట్టారు. "చెట్టు ప్రభుత్వానిది. కాయ ప్రభుత్వానిది. దాని బరువు కూడా ప్రభుత్వానిదే. ఎవరి అనుమతితో రద్దు చేశారు?"

"రెండు వైపులా ఉంది కదండీ..."

"రెండు వైపులా కొట్టేశారా! నష్టం రెండింతలన్నమాట. ఆడిట్ వాళ్లొచ్చి కాయ బరువేదని అడిగితే సుద్దముక్క చూపించమంటారా?"

చర్చ మీద చర్చ జరిగింది. "రద్దుపరచిన బరువును యథాస్థానమున పునరుద్ధరించి తదుపరి లెక్క కొనసాగించవలెను" అని తీర్మానం రాశాను. హైమవతి గారు పళ్లు బిగపట్టి బరువుని మళ్లీ రెండు వైపులా పెట్టి, పొడుగ్గా లెక్క చేశారు. సమాధానం మారలేదు. కిలో కాయ వేసి చేశారు, మారలేదు. పేర్రాజు గారి కోరిక మీద ఏనుగుని వేసి చేశారు. అదీ అంతే. పేర్రాజు గారు చాలాసేపు బోర్డు వంక చూసి, "ఫలితములో భేదము లేనందున ఈ ఆవరణలోని కొబ్బరికాయల బరువు ఇకమీదట లెక్కలోనికి రాదు" అని స్వయంగా రాసి స్టాంపు వేశారు. ఆ స్టాంపు సంగతి గుర్తుంచుకోండి.

"చెట్టు పది మీటర్లు కాబట్టి, కింద పడేసరికి వేగం గంటకి యాభై కిలోమీటర్లు," అన్నారు హైమవతి గారు. "గాలి అడ్డుపడుతుంది కాబట్టి కాస్త తక్కువ. చూశారా, ఇది ప్రకృతి నియమం. ఏ కాపలాదారూ దీన్ని..."

డీడీ గారు లేచి నిలబడ్డారు. "యాభై! మన పరిమితికి మూడు రెట్లు దాటింది! గాలి మాత్రం తన వంతు అడ్డుకుంది. కాపలాదారు ఏం చేశాడు?"

హైమవతి గారి చేతిలో సుద్దముక్క విరిగింది. గుమ్మం బయట నిలబడ్డ చిట్టెయ్య, "మేడంగోరూ, గట్టెక్కిస్తారనుకుంటే యాభై అన్నారేటండీ, పదో పన్నెండో అనకపోయారా!" అన్నాడు. ఆవిడ ముఖం మాడిపోయింది.

"పదిహేను దాటకుండా పడాలంటే ఎనభై ఎనిమిది సెంటీమీటర్ల లోపు ఎత్తు నుంచే పడాలి సార్!" అన్నారు కోపంగా. "మీ చెట్టుని అంతకన్నా ఎదగొద్దని చెప్పండి!"

కమిటీ సభ్యులు వెటకారం వినలేదు. వాళ్లు అంకె విన్నారు. మినిట్సులోకి ఎక్కించారు.

చిట్టెయ్యని సస్పెండ్ చేశారు. ఫలకం వచ్చేదాకా గేటుని ఇంకొకరి చేతిలో పెట్టడానికి డీడీ గారికి మనసొప్పలేదు. "ఈ కీలక తరుణంలో గేటు కాపలాదారు పూర్తి అదనపు బాధ్యతలు నేనే వహిస్తాను" అని నా చేత ఉత్తర్వు రాయించుకుని, చిట్టెయ్య విజిలు మెడలో వేసుకున్నారు. మర్నాటి నుంచి ఆవరణలో ఏ వస్తువూ ఎనభై ఎనిమిది సెంటీమీటర్ల ఎత్తు దాటి ఉండకూడదన్న రెండో ఉత్తర్వు అమల్లోకి వచ్చింది.

బీరువాలని పడుకోబెట్టారు. వాటి తలుపులు తియ్యాలంటే ఇద్దరం ఎత్తి పట్టుకోవాలి, మూడోవాడు లోపలికి వంగాలి. సీలింగు ఫ్యాన్లకి పొడుగాటి రాడ్లు వేసి మోకాలి ఎత్తుకి దింపారు. దాంతో మేం గదిలో గోడల వెంబడి తిరగడం నేర్చుకున్నాం. గడియారం గోడ అడుగున చేరింది, టైము చూడాలంటే దానికి దండం పెట్టినట్టు వంగాలి. ఆఫీసుకి కొత్తగా వచ్చినవాళ్లు మాకు సమయపాలన మీద ఎంత భక్తో అని ఆశ్చర్యపోయారు. మేడ మీది నీళ్ల ట్యాంకు కిందికి దిగింది, కుళాయిలు ఊరుకున్నాయి. పై అంతస్తు సెక్షన్లన్నీ కింది అంతస్తులోకి వచ్చిపడ్డాయి. మా బల్ల మీద వాళ్లూ వాళ్ల బల్ల కింద మేమూ సర్దుకున్నాం.

ఉద్యోగుల తలల విషయంలో చిక్కొచ్చింది. మా అందరి తలలూ ఎనభై ఎనిమిది దాటే ఉన్నాయి. న్యాయసలహా అడిగితే, "తల శరీరమునకు అనుబంధమై ఉన్నందున విడిగా పడు అవకాశము స్వల్పము" అని వచ్చింది. తలలు మిగిలాయి. అయితే కళ్లజోడు మాత్రం విడిగా పడుతుంది కదా అన్నారు పేర్రాజు గారు. కళ్లజోడు ఉన్నవాళ్లం చాపలేసుకుని నేల మీద కూర్చున్నాం. తన కళ్లజోడుకి తాడు కట్టించుకున్నారు కాబట్టి డీడీ గారు కుర్చీలోనే ఉన్నారు. మర్నాడు బజార్లో తాళ్లు దొరకలేదు.

ఇంతా చేస్తే అసలు ముద్దాయి చెట్టు అలాగే నిలబడి ఉంది. తల నిండా కాయలు. పరిశీలక బృందం వచ్చే రోజు దగ్గర పడుతోంది. కొట్టేద్దామంటే దానికి అనుమతి రావడానికి చెట్టు జీవితకాలం పడుతుంది.

చిట్టెయ్య రోజూ గేటు అవతల నిలబడి లోపలికి చూస్తుండేవాడు. అలవాటైన కాళ్లు, ఇంటి దగ్గర నిలవడం లేదట. నేను టీకి బయటికెళ్తే పక్కకొచ్చి, "దింపుడు మనిషిని పిలిస్తే ఒక్క గంటలో కాయలన్నీ దింపేత్తాడు కదండీ. ఇంతోటిదానికి ఇన్ని పాట్లేటండీ?" అన్నాడు. ఊళ్లో పిల్లల దగ్గర్నుంచి పెద్దల దాకా ఎవరినడిగినా ఇదే చెప్తారు. నేను దాన్ని నోటు పెట్టాను. డీడీ గారు సానుభూతిగానే తిప్పి పంపారు. "దింపునకు చెట్టునెక్కు వ్యక్తి స్వయముగా పది మీటర్ల ఎత్తున ఉండును. అతడు కూడ వస్తువే."

అప్పుడు ఇంజనీరు సోమసుందరం గారి బుర్రలో దీపం వెలిగింది.

"సార్, ఎత్తంటే ఏమిటి? నేల నుంచి కాయకి ఉన్న దూరం. కాయని కిందికి తేలేకపోతున్నాం. నేలని పైకి తెద్దాం!"

డీడీ గారు కళ్లజోడు తీసి తాడుకి వదిలేశారు. ఆయన కళ్లు చెమర్చాయి. అంత గొప్ప మాట తన కాలంలో తన ఆఫీసులో పుడుతుందని ఆయన అనుకోలేదట.

మట్టి పని మొదలైంది. బయటి నుంచి లారీల్లో తెద్దామంటే లారీ బల్ల ఎత్తు ఎనభై ఎనిమిది దాటుతోంది. అందుకని ఆవరణలోనే తవ్వారు. దూరం మొయ్యడం దండగని చెట్టు పక్కనే తవ్వారు. కూలీలు తట్ట నెత్తిన పెట్టుకోకూడదు, చంకలో పెట్టుకోవాలి. ఒక పక్క గొయ్యి దిగుతూ ఉంటే ఇంకో పక్క దిబ్బ లేస్తోంది. చెట్టు మొదలు పోయింది, నడుము పోయింది, మెడ పోయింది. చివరికి దిబ్బ మీద నిలబడి చెయ్యి చాస్తే గెల అందుతోంది. మేడ పైఅంతస్తు కిటికీలోంచి చూస్తే దిబ్బ మీది కూలీలు ఎదురుగా పలకరిస్తున్నారు. గోతిలో నీళ్లు పడ్డాయి, కప్పలు కూడా చేరాయి.

హైమవతి గారు కాలేజీ నుంచి ఇంటికెళ్తూ గేటు దగ్గర ఆగి, చాలాసేపు చూసి, "డీడీ గారూ, ఈ మట్టి ఎక్కడిదండీ?" అని అడిగారు.

"ఆ గోతిలోదమ్మా."

"దిబ్బ మీంచి ఏదైనా గోతిలోకి పడితే?"

"గొయ్యి ఎత్తు కాదమ్మా, లోతు. మన ఉత్తర్వు ఎత్తు గురించే," అని ఆయన గర్వంగా విజిలు ఊది గేటు వేశారు. ఆవిడ నవ్వుకుంటూ వెళ్లిపోయారు. ఆవిడ నవ్వు చూసి నాకెందుకో చిట్టెయ్య విషయంలో ఆశ పుట్టింది.

పరిశీలక బృందం వచ్చింది. అధ్యక్షురాలు పొడుగైన మనిషి, తక్కువ మాటలు. లెక్క సరిచూడ్డానికి హైమవతి గారిని కూడా పిలిచాం. బృందాన్ని దిబ్బ ఎక్కించాం. డీడీ గారు ఉపన్యాసం ఇచ్చారు. "పతనమునే పతనము చేసిన తొలి కార్యాలయం మాది!" అన్నారు. ఆ వాక్యం నాదే. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ ఊపులో ఆయన చెయ్యి చాచి, గెలలోంచి ఒక బొండాన్ని మెలితిప్పి కోసి, అధ్యక్షురాలికి అందించబోయారు.

బొండం మంచుకి తడిసి నున్నగా ఉంది. జారింది.

ఎనభై ఎనిమిది సెంటీమీటర్లు పడింది. అంతవరకు ఉత్తర్వు ప్రకారమే పడింది. నేలని తాకి, ఆగకుండా, దిబ్బ వాలు పట్టుకుంది. డీడీ గారు విజిలు ఊదారు. అది వినలేదు. దొర్లింది, గెంతింది, మళ్లీ దొర్లింది, గోతి అంచు దాటి ఎగిరి నీళ్లలో ధబేలుమని పడింది. గోతి చుట్టూ స్వాగతం పలకడానికి నిలబెట్టిన సిబ్బంది అందరూ బురదతో తడిసి ముద్దయ్యారు. పేర్రాజు గారి జేబులోంచి కప్ప బయటికి దూకింది.

అధ్యక్షురాలు హైమవతి గారి వంక చూశారు.

"దారి వంకరైనా సూటిదైనా ఒకటేనండీ, ఎంత కిందికి దిగిందన్నదే లెక్క," అన్నారు హైమవతి గారు. "చెట్టు ఎత్తుకి ఇప్పుడు గోతి లోతు కూడా కలిసింది. సూటిగా పడితే అరవై. దొర్లడంలో, మట్టికి రాసుకోవడంలో కొంత పోయిందనుకున్నా, నలభైకి తగ్గదు. ఎత్తుని మీరు ఇక్కడ పూడ్చారు, అది అక్కడ తేలింది. అది ఎక్కడికీ పోదని మొదటిరోజే చెప్పాను."

"ఈ ఆవరణలో వేగానికి బాధ్యులెవరు?" అని అడిగారు అధ్యక్షురాలు.

నేను వినయంగా ఉత్తర్వు చదివాను. "గేటు కాపలాదారండి."

"అతనెక్కడ?"

"సస్పెన్షనులో ఉన్నాడండి. గేటు అవతల నిలబడ్డాడు."

"మరి ఇప్పుడు ఛార్జి ఎవరిది?"

డీడీ గారి మెడలో విజిలు వేలాడుతూనే ఉంది.

"నిబంధన ప్రకారం చర్య తీసుకుని నివేదిక పంపండి," అని ఆవిడ దిబ్బ దిగి వెళ్లిపోయారు.

నిబంధన ప్రకారం మెమో ఇవ్వాల్సింది డీడీ గారు, అందుకోవాల్సింది కాపలాదారు. ఆయన ఇచ్చారు, అందుకున్నారు, అందినట్టు సంతకం చేశారు. తర్వాత నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశారు.

"చక్రపాణీ, మచ్చ పడితే నా ప్రమోషను గోవిందా. గట్టి సంజాయిషీ ఒకటి రాయవయ్యా!"

నేను ఆలోచిస్తున్నట్టు కాసేపు గోడ అడుగునున్న గడియారం వంక చూశాను. తర్వాత రాసిచ్చాను. "సదరు కొబ్బరికాయ గేటు ద్వారా ప్రవేశించనందున, దాని వేగమును నియంత్రించు అవకాశము ఈ క్రింద సంతకము చేసినవానికి ఎంతమాత్రమును లేకుండెను."

ఆయన రెండుసార్లు చదివి నా భుజం తట్టారు. "అద్భుతం! ఇంత నిజం ఇంత స్పష్టంగా ఎక్కడ నేర్చుకున్నావయ్యా?" కాపలాదారుగా సంతకం చేశారు. వెంటనే కలం మార్చి, డిప్యూటీ డైరెక్టరుగా, "సంజాయిషీ మిక్కిలి సంతృప్తికరము. చర్య విరమించడమైనది" అని రాశారు.

అప్పుడు నేను చంకలోంచి రెండో ఫైలు తీసి ఆయన ముందు పెట్టాను. చిట్టెయ్య సంజాయిషీ తెరిచి, వాక్యం కింద వేలు పెట్టాను. ఒక్క అక్షరం తేడా లేదు. ఇక్కడ సంతృప్తికరమైతే అక్కడా సంతృప్తికరమే. అక్కడ కాకపోతే ఇక్కడా కాదు.

డీడీ గారు నా వంక చూశారు. నేను ఆయన వంక చూశాను. ఫ్యాను మా మోకాళ్ల దగ్గర తిరుగుతోంది. ఆయన విజిలు మెడలోంచి తీసి బల్ల మీద పెట్టి, చిట్టెయ్య సంజాయిషీ మీదా, సస్పెన్షను రద్దు మీదా, పర్మనెంటు ఫైలు మీదా వరసగా సంతకాలు పెట్టారు. నాకు ఆ గదిలోనే ఏడుపొచ్చింది. ఆయన దాన్ని తన సంతకాల మీద గౌరవం అనుకుని ఉంటారు.

ఫలకం రాలేదు. మేకు మాత్రం ఉంది, డీడీ గారు దానికి కళ్లజోడు తాడు తగిలిస్తున్నారు. దిబ్బ తియ్యడానికి ఫైలు నడుస్తోంది, తీసిన మట్టి ఎక్కడ పొయ్యాలన్నది ఇంకా తేలలేదు.

పర్మనెంటు ఉత్తర్వు అందుకున్న రోజు చిట్టెయ్య దిబ్బెక్కి, చేత్తోనే ఒక మంచి కాయ కోసుకుని, రోడ్డు దాటి హైమవతి గారి దగ్గరికి వెళ్లాడు. నేనూ వెంట వెళ్లాను. ఆవిడ చేతులు వెనక్కి తీసుకున్నారు.

"వద్దు చిట్టెయ్యా. ప్రభుత్వ కాయ. రేపు ఎవరైనా అడిగితే?"

"ఎవరడుగుతారండీ మేడంగోరూ? ఈ ఆవరణలో కాయలకి బరువు లెక్కలోకి రాదని అకౌంట్సు ఆఫీసరుగోరే స్టాంపేసేరు కదండీ. లెక్కలో లేనిదానికి లెక్కేటండీ? తీసుకోండి."

ఆవిడ నవ్వాపుకోలేక రెండు చేతులూ చాచారు. కాయ నిండు నీళ్లతో ఉన్నట్టుంది, అందుకోగానే ఆవిడ చేతులు కాస్త కిందికి దిగాయి.